గేరు పడని బండి

బుద్వేలు నుండి ఆకుకూరలు మోసికొనిపోవు మన సంఘసభ్యుని కారొకటి మొన్న వేకువజామున గేరు పడక మొరాయించెను. మరమ్మతువాడు చూచి, గేర్ బాక్సు విప్పవలెననెను. విప్పిన యెడల ఆ కోతసొమ్మంతయు అందులకే చెల్లును.

మేము ముందుగా ఇంజను నాపి, హ్యాండు బ్రేకు వేసి, క్లచ్ త్రొక్కి గేర్లన్నియు వేసి చూచితిమి, సులువుగా పడినవి. ఇంజను నడుచుచుండగా మాత్రము బిగిసినవి; రివర్సు గేరు గరగరమనెను. అనగా క్లచ్ పూర్తిగా విడుచుటలేదు. ఆ బండి క్లచ్ బ్రేకు ఆయిలుతో పనిచేయునది. డబ్బాలో ఆయిలు అడుగంటియుండెను. క్లచ్ క్రింది సిలిండరు తడిసియుండెను. సిలిండరు మార్పించి, మూతపై వ్రాసిన రకపు ఆయిలే పోసి, గాలి తీయించితిమి. గేర్లు మరల సరిగా పడినవి. అందులో ఇంజను ఆయిలు పోసినచో రబ్బరు వాచి చెడును. కొందరీ పొరపాటు చేయుచున్నారు. కేబులు క్లచ్ అయినచో కేబులు సాగినదేమో చూడవలెను.

ఇంజను ఆపినను బిగువు తగ్గని యెడల గేరు రాడ్డు కీళ్లు, గేరు ఆయిలు పరీక్షింపవలెను. చలికాలపుటుదయమున మాత్రమే బిగిసి, కొంతదూరము పోగానే సడలినచో అది ఆయిలు చిక్కదనమే. ఒక్క గేరే మొరాయించి తక్కినవి చక్కగా పడుచున్నచో, అప్పుడు గేర్ బాక్సు విప్పించుట న్యాయము.