నేలలో ఊరిన ఎండ

రండర్రా, అరుగు చల్లబడింది, ఇలా వచ్చి కూర్చోండి. చిట్టితల్లీ, నువ్వు ఆ స్తంభానికి ఆనుకో. పొద్దున రచ్చబండ దగ్గర పెద్దవాళ్లు పెట్టుకున్న వాదన మీరూ విన్నారుగా? "భూమి వేడెక్కిపోతోంది, ఏటికేడు ఎండలు ముదురుతున్నాయి" అని ఒకాయన అన్నాడు. "రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని తాతల నాటి మాట. అప్పుడు మాత్రం ఎండలు లేవా?" అని ఇంకొకాయన ఎదురు అడిగాడు. ఇద్దరూ గొంతు పెంచారు గానీ ఎవరూ తగ్గలేదు. ఈ వాదన మన నెమలి ఊరికి మాత్రమే కొత్తగా వచ్చింది కాదు. ప్రపంచమంతా ముప్పై నలభై ఏళ్లు ఇదే వాదించుకుంది. అది ఎలా తేలిందో ఇవాళ మీకు చెప్తాను. అందులో మన హైదరాబాదు వాళ్ల పని కూడా ఉంది. వింటే మీకు భలే ముచ్చటేస్తుంది.

ముందు ఆ రెండో ఆయన మాట తీసుకుందాం. ఆయన అన్నది అబద్ధం కాదు. మనది ఎండలకి పేరుపడ్డ ప్రాంతం. అటు ఖమ్మం, కొత్తగూడెం, ఇటు విజయవాడ, కృష్ణ దాటితే రెంటచింతల. ఎండలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. మనం అడగవలసింది ఎండ ఉందా లేదా అని కాదు, సగటు జరిగిందా లేదా అని. దానికి మనిషి జ్ఞాపకం పనికిరాదురా. మంచి పంట పండిన ఏడాది ఎండ ఎవరికీ గుర్తుండదు. బావి ఎండిపోయిన ఏడాది ఎండ మాత్రం మనవళ్ల దాకా చెప్పుకుంటారు. అందుకే కొలిచి రాసిపెట్టాలి.

మన దేశంలో వాతావరణ శాఖ పెట్టింది 1875లో. థర్మామీటరుని ఎక్కడ పడితే అక్కడ పెట్టరు. మనిషి ఛాతీ ఎత్తులో తెల్ల రంగు వేసిన చెక్కపెట్టె ఒకటి పెడతారు. గాలి ఆడేలా దానికి నాలుగు వైపులా ఏటవాలు పట్టీలు ఉంటాయి. థర్మామీటరు దాని లోపల ఉంటుంది. ఎండ నేరుగా తగలకూడదు, గాలి వేడి మాత్రమే తెలియాలి. మే నెలలో నిలబెట్టిన కారులో 50 అని అంకె కనిపిస్తే అది కారు రేకు వేడి, ఊరి వేడి కాదు. ఇలా దేశమంతటా రాసిన లెక్కలన్నీ కలిపి చూసి, 1901 నుంచి 2018 లోపు మన దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో ఒక పెద్ద నివేదిక ఇచ్చింది.

ఇక్కడ తెలివైనవాడు ఒక ప్రశ్న వేస్తాడు. వెయ్యాలి కూడా. "తాతా, ఆ పెట్టె పెట్టినప్పుడు అది ఊరి బయట ఉండి ఉంటుంది. తరవాత చుట్టూ మేడలు లేచాయి, తారురోడ్లు పడ్డాయి. వేడెక్కింది భూమి కాదేమో, ఆ పెట్టె చుట్టూ ఉన్న పట్నమేమో?" మంచి ప్రశ్న. పట్నం పల్లె కంటే వేడిగా ఉండే మాట నిజం. రాత్రిపూట విజయవాడలో డాబా మీద పడుకుని, మర్నాడు మన ఊళ్లో పడుకుంటే మీ ఒంటికే తెలుస్తుంది. ప్రపంచంలో చాలామంది ఈ అనుమానంతోనే వేడెక్కడాన్ని నమ్మలేదు. మరి అనుమానం తీరాలంటే ఏం చెయ్యాలి? పట్నంతో పని లేని సాక్షి కావాలి. అసలు థర్మామీటరు పెట్టె పెట్టకముందు నుంచీ లెక్క రాసుకుంటున్న సాక్షి అయితే ఇంకా మంచిది.

అలాంటి సాక్షి మన కాళ్ల కిందే ఉందిరా. నేల.

చలికాలం తెల్లారుజామున మిరప తోటకి మోటారు వేస్తే బోరు నీళ్లు గోరువెచ్చగా తగులుతాయి, చూశారా? నడివేసవిలో అదే బోరు దగ్గర కాళ్లు కడుక్కుంటే హాయిగా చల్లగా ఉంటాయి. నీళ్లు మారలేదు, బయటి గాలి మారింది. ఎందుకంటే పగటి ఎండ నేలలోకి రెండు మూరలు కూడా దిగకముందే రాత్రి వచ్చి దాన్ని చెరిపేస్తుంది. వేసవి వేడి అంతకంటే లోతుకు పోతుంది గానీ, ముప్పై నలభై అడుగులు దాటేసరికి దాన్ని కూడా చలికాలం చెరిపేస్తుంది. ఆ కిందకి వెళ్తే కార్తెలు లేవు, కాలాలు లేవు. ఏడాది పొడుగునా ఒకటే వేడి.

మరి ఎండ ఒక్క ఏడాది కాకుండా, తరాల తరబడి కొంచెం కొంచెం పెరుగుతూ పోతే? అప్పుడు దాన్ని చెరపడానికి చలికాలం సరిపోదు. అది నెమ్మదిగా కిందకి దిగుతూనే ఉంటుంది. మీ అమ్మమ్మ ఆవకాయ కలిపిన రోజు ఒక ముక్క కొరికి చూడండి. పైన ఉప్పగా, లోపల పుల్లగా ఉంటుంది. మూడోనాడు జాడీ మూత తీసి తిరగకలిపేటప్పటికి ఉప్పు కొంత లోపలికి పట్టి ఉంటుంది. నెల తిరిగేసరికి టెంక దాకా ఊరిపోతుంది. ముక్కని నిలువునా కోసి ఉప్పు ఎంత లోతుకి చేరిందో చూస్తే, ఆవకాయ ఎప్పుడు కలిపారో, ఉప్పు ఎంత వేశారో ఉజ్జాయింపుగా చెప్పెయ్యొచ్చు. నేలలో ఎండ ఊరడం కూడా ఇంతే. రాయిలో వేడి మహా నిదానంగా నడుస్తుంది. వందేళ్లలో పైన జరిగిన మార్పు నాలుగైదు వందల అడుగుల లోతు దాకా మాత్రమే దిగుతుంది. అంటే మన తాత ముత్తాతల నాటి ఎండల లెక్క ఇప్పుడు ఆ లోతులో ఉందన్నమాట! ఎవరూ రాయకుండానే రాసి ఉంది. నాకైతే ఇది తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

ఆ లెక్క చదివినవాళ్లు హైదరాబాదు ఉప్పల్‌లో ఉన్నారు. 1961లో పెట్టిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అది, అందరూ ఎన్‌జీఆర్‌ఐ అంటారు. దేశంలో అక్కడక్కడా లోతుగా తవ్వి, మోటారు బిగించకుండా వదిలేసిన బోర్లు ఉంటాయి. వాటిలో నీళ్లు కదలకుండా నిలిచి ఉంటాయి. చుట్టూ ఉన్న రాయి ఎంత వేడిగా ఉంటే నీళ్లూ అంతే వేడిగా ఉంటాయి. వాటిలోకి తీగ కట్టిన థర్మామీటరు దింపి, లోతు పెరిగే కొద్దీ వేడి ఎంతుందో రాసుకుంటూ పోయారు. బాగా లోతుకి వెళ్తే భూమి లోపలి వేడి వల్ల ఉష్ణోగ్రత క్రమంగా పెరుగుతుంది. సింగరేణిలో లోతు గనుల్లోకి దిగే కార్మికుణ్ణి అడగండి, చెప్తాడు. లోతునీ వేడినీ కాగితం మీద గీస్తే అక్కడ తిన్నని గీత వస్తుంది. ఆ గీతని అదే వాలున పైకి పొడిగిస్తే నేలమట్టం దగ్గర పూర్వం ఎంత వేడి ఉండేదో తెలుస్తుంది. తీరా పైకి వచ్చి చూస్తే గీత వంగింది. ఉండాల్సిన దాని కంటే వేడి ఎక్కువగా ఉంది. ఆ ఎక్కువంతా పైనుంచి దిగినది!

సుకాంత రాయ్, ఆర్.యు.ఎం. రావు గార్లు, అమెరికా శాస్త్రవేత్తలు ఇద్దరు కలిసి 2002లో ఈ లెక్క అచ్చువేశారు. గత 150 ఏళ్లలో మన దేశపు నేల సుమారు 0.9 డిగ్రీలు వేడెక్కిందని తేలింది. ఒక్క బోరు మాట పట్టుకుని చెప్పింది కాదు. అడవి కొట్టి పొలం చేసినా ఆ చోట నేల వేడెక్కుతుంది కదా, అందుకని దేశంలో చాలాచోట్ల కొలిచి, సగటు తీసి చెప్పారు. తెల్ల పెట్టెలోని థర్మామీటరుకి ఈ బోరు సంగతి తెలియదు, బోరుకి పెట్టె సంగతి తెలియదు. ఇద్దరూ ఒకే మాట చెప్పారు. ఊళ్లో తగువు తీర్చేటప్పుడు పెద్దమనుషులు చూసేది ఇదే కదా, ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఇద్దరు సాక్షులు ఏం చెప్తున్నారని.

మూడో సాక్షి సముద్రం. అక్కడ మేడలూ లేవు, తారురోడ్లూ లేవు. ప్రపంచ సముద్రాలన్నిటిలో ఆర్గో అనే పరికరాలు దాదాపు నాలుగు వేలు తిరుగుతున్నాయి. ఒక్కొక్కటి రెండు కిలోమీటర్ల లోతుకి మునిగి, పది రోజులకోసారి పైకి తేలి, దారిలో చూసిన వేడిని, ఉప్పదనాన్ని ఉపగ్రహానికి చెప్పేసి మళ్లీ మునుగుతుంది. మన దేశం వదిలిన వాటి కబుర్లు చేరేది హైదరాబాదు ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ అనే సంస్థకి. సముద్రం ఊళ్లో లేకపోయినా సముద్రం కబురు మాత్రం ముందు హైదరాబాదుకే! ఆ లెక్కలు చూస్తే, భూమి మీద పోగవుతున్న అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రమే మింగుతోందని తెలిసింది.

నాలుగో సాక్షి మొదట్లో అడ్డం తిరిగింది. అది ఉపగ్రహం. 1978 చివరి నుంచి గాలి వేడిని ఆకాశం నుంచి కొలుస్తున్నారు. 1990లో అమెరికాలో స్పెన్సర్, క్రిస్టీ అనే ఇద్దరు ఆ లెక్కలు తీసి, పెద్దగా వేడెక్కిందేమీ లేదన్నారు. నమ్మనివాళ్లకి అది పెద్ద బలమైంది. ఏళ్ల తరబడి వాదం నడిచింది. తరవాత ఇంకొందరు ఆ లెక్కని విప్పి చూశారు. ఉపగ్రహం ఏటా కొంచెం కిందకి జారుతోంది, ఆ జారుడు లెక్కలోకి రాలేదని 1998లో పట్టుకున్నారు. ఉపగ్రహం ఒక చోటి మీదుగా పోయే వేళ కూడా మారుతోంది, ఆ సవరణలో కూడికా తీసివేతా తారుమారయ్యాయని 2005లో తేల్చారు. సరిచేస్తే ఉపగ్రహమూ వేడెక్కుతోందనే చెప్పింది.

రిచర్డ్ ముల్లర్ అని ఇంకొక భౌతికశాస్త్రవేత్త. థర్మామీటరు లెక్కల మీద ఆయనకి నమ్మకం లేదు. అయితే అరిచి ఊరుకోలేదు. అమెరికాలోని బర్క్‌లీలో మనుషుల్ని కూడగట్టి, పట్నాల పెట్టెలు వేరు, పల్లెల పెట్టెలు వేరు చేసి మొత్తం మళ్లీ లెక్క వేశారు. 2011లో ఫలితం వచ్చింది. వేడెక్కడం నిజమే, పట్నాల వల్ల సగటు మారలేదు. ఆయన ఆ మాట నలుగురిలో చెప్పారు. అనుమానం ఉన్నవాడు ఎలా ఉండాలో ఆయన్ని చూసి నేర్చుకోవాలిరా. ఆ పెద్దమనిషి అంటే నాకు గౌరవం.

నమ్మినవాళ్ల వైపూ తప్పులు దొర్లాయి, అదీ చెప్పాలి. ఐక్యరాజ్యసమితి వాతావరణ సంఘం 2007 నివేదికలో, హిమాలయాల మంచు 2035కల్లా మాయమైపోవచ్చని రాశారు. 2009లో జైరాం రమేశ్ గారు కేంద్రంలో పర్యావరణ మంత్రి, అప్పట్లో మన ఆంధ్రప్రదేశ్ నుంచే రాజ్యసభ సభ్యుడు. భూగర్భ శాఖలో పెద్ద ఉద్యోగం చేసిన వి.కె. రైనా గారి పత్రాన్ని ఆయన విడుదల చేయించారు. అంత తొందరగా కరుగుతోందనడానికి ఆధారం లేదని అందులో ఉంది. పెద్ద దుమారం లేచింది. చివరికి 2010 జనవరిలో ఆ సంఘమే 2035 మాటకి సరైన ఆధారం లేదని ఒప్పుకుంది. తప్పు అంకె పోయింది. మంచు కరగడం మాత్రం ఆగలేదు, కొలతలు ఇప్పటికీ అదే చెప్తున్నాయి. వందలాది పుటల లెక్కలో ఒక అంకె తప్పితే ఆ అంకె దిద్దుకుంటాం గానీ పుస్తకం మొత్తం పొయ్యిలో పెట్టం కదా.

"సరే తాతా, వేడెక్కింది. మన వల్లే అని ఎలా చెప్తావు? సూర్యుడే మండుతున్నాడేమో?" అంటావా పెద్దోడా? సూర్యుడి వల్లే అయితే కింది గాలి, పై గాలి రెండూ వేడెక్కాలి. కొలిచి చూస్తే మనం పీల్చే కింది గాలి వేడెక్కుతోంది, చాలా ఎత్తున ఉన్న గాలి చల్లబడుతోంది. అంటే కిందినుంచి పైకి పోవాల్సిన వేడిని మధ్యలో ఏదో పట్టుకుంటోంది. బొగ్గుపులుసు వాయువు, అదే కార్బన్ డయాక్సైడు, ఎండలో మామూలు గాలి కంటే ఎక్కువ వేడెక్కుతుందని 1856లోనే యూనిస్ ఫూట్ అనే ఆవిడ గాజు గొట్టాల్లో గాలులు నింపి ఎండలో పెట్టి చూపించింది. వేడిని పట్టుకునే ఆ గుణాన్ని 1859లో టిండాల్ అనే ఆయన నికరంగా కొలిచాడు. 1958లో కీలింగ్ అనే ఆయన హవాయి దీవి కొండ మీద ఆ వాయువుని కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షల పాళ్లకి 315 పాళ్లుండేది. ఇప్పుడు 420 దాటింది. అది బొగ్గు, చమురు నుంచి వచ్చిందేనని కూడా తెలుసు. చెట్టు కాలితే వచ్చే పొగలో, కాలం గడిచేకొద్దీ తరిగిపోయే రేడియో కార్బను ఉంటుంది. కోట్ల ఏళ్లు భూమిలో ఉన్న బొగ్గులో అది ఎప్పుడో అయిపోయింది. గాలిలో దాని పాలు పలచబడుతూ వచ్చిందంటే పాత బొగ్గు పొగ కలిసిందనే లెక్క.

ఒక డిగ్రీకే ఇంత గోలా అనుకోకండి. వేల ఏళ్ల కిందట ఉత్తర అమెరికా, ఐరోపాల్లో సగం నేల మంచు కింద ఉన్నప్పుడు కూడా ప్రపంచపు సగటు ఇప్పటికంటే ఆరేడు డిగ్రీలే తక్కువ. సగటు ఒక్క డిగ్రీ జరిగితే మండే రోజులు ఎన్నో రెట్లవుతాయి. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో పదిహేను వందల మందికి పైగా వడదెబ్బకి పోయారు. పోయినవాళ్లలో ఎక్కువమంది కూలిపనికి వెళ్లినవాళ్లు, ముసలివాళ్లు. ఆ ఒక్క ఏడాదినే చూపించి ఇదే రుజువు అనను. అలాంటి ఏడాదులు దగ్గర దగ్గరగా వస్తాయని మాత్రం లెక్క చెప్తోంది. 2024 అయితే మన దేశంలో 1901 నుంచీ రాసిన లెక్కల్లోకెల్లా వేడి ఏడాది.

కాబట్టి వేడెక్కుతోందా లేదా అన్న వాదన తీరిపోయిందర్రా. నేల, గాలి, సముద్రం, ఆకాశం నాలుగూ ఒకే మాట చెప్పాక ఇంకా దాని మీద గొంతు చించుకోవడం దండగ. వాదించుకోవలసినవి వేరే ఉన్నాయి. ఉపాధి పనికి మే నెలలో పొద్దున ఎన్నింటికి వెళ్లి ఎన్నింటికి తిరిగి రావాలి? రాత్రి చలి సరిపోక మామిడి పూత ఆలస్యమైతే తోట రైతు నష్టం ఎవరు పంచుకోవాలి? ఇబ్రహీంపట్నం కరెంటు బొగ్గుతో వస్తోంది, కొత్తగూడెంలో వేల ఇళ్ల పొయ్యి బొగ్గు మీదే వెలుగుతోంది. బొగ్గు తగ్గించాలంటే ఆ ఇళ్లకి ముందు ఏ పని చూపించాలి? వీటికి థర్మామీటరు జవాబు చెప్పదు. మీ తరం కూర్చుని తేల్చుకోవాలి. రేపు రచ్చబండ దగ్గర ఎవరైనా పాత వాదన ఎత్తితే మర్యాదగా బోరు సంగతి చెప్పండి, చెప్పి ఈ కొత్త ప్రశ్నలు వాళ్ల ముందు పెట్టండి.