మీకు తెలుసా? పాత వంటింట్లో కొత్త డిష్‌వాషర్

రాజాంలోని పాత ఇంట్లో వంటగట్టు కింద డిష్‌వాషర్ పెట్టించాలన్నా, ఉన్న పాతదాన్ని మార్చాలన్నా ముందు చేతిలోకి టేపు తీసుకోండి.

• గట్టు కింద అమర్చే డిష్‌వాషర్ వెడల్పు సాధారణంగా 60 సెం.మీ., ఎత్తు సుమారు 82 సెం.మీ. చోటు చాలకపోతే 45 సెం.మీ. వెడల్పువీ దొరుకుతాయి.

• పాత గచ్చు మీదే టైల్స్ పరిస్తే నేల పైకి లేస్తుంది, గట్టు మాత్రం అక్కడే ఉంటుంది. మెషిన్ ముందు వరకే టైల్స్ వేసి ఉంటే పాతది బయటికి రాదు. దాని కాళ్ల మరలు తిప్పి కిందికి దించాలి.

• మేడ మీది ట్యాంకు 10 మీటర్ల ఎత్తులో ఉంటే నీటి ఒత్తిడి దాదాపు 1 బార్. చాలా మెషిన్లకు కనీసం 0.3 నుంచి 0.5 బార్ కావాలి. ఒక అంతస్తు ఇంట్లో అంత రాకపోవచ్చు. అప్పుడు చిన్న ప్రెషర్ పంపు అవసరం.

• బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలను మెషిన్‌లోని రెజిన్ పట్టేస్తుంది. ఆ రెజిన్‌ను శుభ్రం చేసేదే డిష్‌వాషర్ ఉప్పు. కూరలో వేసే ఉప్పు వాడకూడదు.

• నీళ్లు వేడి చేయడానికి మెషిన్ కరెంటు ఎక్కువ లాగుతుంది. ఎర్తింగ్ సరిగ్గా ఉన్న 16 ఆంపియర్ల సాకెట్ తప్పనిసరి.

• ఇత్తడి బిందెలు, కంచు గిన్నెలు, ఇనప పెనాలు, అల్యూమినియం దబరలు ఇందులో వేస్తే పాడవుతాయి. ఇత్తడికి ఇప్పటికీ చింతపండే మేలు.

• నీటి ధారల ఒత్తిడితో గిన్నెలు కడిగే యంత్రానికి 1886లో పేటెంట్ పొందింది ఒక మహిళ: అమెరికాకు చెందిన జోసఫిన్ కోక్రేన్.