బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత: రెండో ఆపరేషన్‌కు ముందు తెలుసుకోవలసిన సంగతులు



హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నుంచి వైద్య సహాయం కోసం మా సంఘానికి వచ్చే అర్జీలు ఎక్కువగా గుండె, కిడ్నీ, కన్ను, కాన్పు గురించే ఉంటాయి. వాటి సంగతి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఈమధ్య ఇంకో రకం అర్జీ కూడా కనబడుతోంది. బరువు తగ్గడానికి లోగడ ఆపరేషన్ చేయించుకున్నామనీ, మళ్ళీ బరువు పెరిగిందనీ, రెండో ఆపరేషన్‌కు సాయం కావాలనీ దాని సారాంశం. ఇలాంటి అర్జీ రాగానే రెండు మాటలు వినబడతాయి. "అది సోకు ఆపరేషన్, దానికి మన సొమ్మా?" అని ఒకటి. "పాపం, మొదటిది పనిచేయలేదు, రెండోది చేయించేద్దాం" అని ఇంకొకటి. రెండూ తొందరపాటు మాటలేనని మా అభిప్రాయం. జకాత్ సొమ్ము దేనికి వాడవచ్చో ఉలమాలు చెప్పాలి. వైద్యం సంగతి మాత్రం దాతలు తెలుసుకుని ఇస్తే బాగుంటుందని ఈ వ్యాసం రాస్తున్నాం.

ముందు సోకు మాట. చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగేసే లైపోసక్షన్ వేరు, ఇది వేరు. అది ఆకారం కోసం చేసేది. ఇది జీర్ణాశయాన్నే మార్చేది. షుగరు, బీపీ, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు, మోకాళ్ళ అరుగుదల లాంటివి అధిక బరువుతో ముదిరినప్పుడు చేస్తారు. ఎవరికి చేయాలో చెప్పడానికి డాక్టర్లు బీఎంఐ అనే లెక్క వాడతారు. కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె అది. 160 సెంటీమీటర్ల ఎత్తు, 90 కిలోల బరువు ఉన్న మనిషికి అది సుమారు 35. బీఎంఐ 40 దాటితే, లేదా 35 దాటి జబ్బులు కూడా ఉంటే ఆపరేషన్ చేయవచ్చని 1991లో అమెరికా వైద్య నిపుణులు ఒక గీత గీశారు. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు ఆ గీతను ఇంకా కిందికి దించాయి. మన ఆసియా వాళ్ళకు తక్కువ బరువులోనే షుగరు పట్టుకుంటుంది కాబట్టి మనకు మరింత దించాయి. కేంద్ర ఆర్థిక మంత్రిగా ఉన్న రోజుల్లో, 2014 సెప్టెంబరులో, అరుణ్ జైట్లీ ఈ ఆపరేషన్ చేయించుకున్నది చాలాకాలంగా ఉన్న షుగరు, దానితో పెరిగిన బరువు వల్లనే.

మన వైపు ఎక్కువగా వినబడేవి రెండు పేర్లు. స్లీవ్ అంటే జీర్ణాశయంలో సుమారు నాలుగింట మూడు వంతులు కోసి తీసేసి, అరటికాయలా సన్నని గొట్టాన్ని మిగల్చడం. బైపాస్ అంటే జీర్ణాశయం పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి చేసి, దానికి చిన్న పేగును తెచ్చి అతకడం. టీ కొట్టు గ్లాసులో సగం కూడా పట్టని సంచి అది. స్లీవ్‌లో ఆకలి పుట్టించే హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం పోతుంది. బైపాస్‌లో తిన్న తిండి పేగులో కొంత దూరాన్ని తప్పించుకుని పోతుంది. అందుకే షుగరు త్వరగా దిగుతుంది, అందుకే విటమిన్లు కూడా సరిగా ఒంటికి పట్టవు. లాభం, నష్టం రెండూ ఒకే కోతలో ఉన్నాయి.

ఆపరేషన్ అయ్యాక ఇంటికి వచ్చిన మనిషి పళ్ళెం చూస్తే ఇంట్లోవాళ్ళకు కంగారు పుడుతుంది. రెండు ముద్దలు తిని చాలంటారు. అది మామూలే. మెల్లగా, బాగా నమిలి, అరగంట సేపు తినాలి. తింటూ నీళ్ళు తాగకూడదు, తిన్నాక ఇంకో అరగంట ఆగాలి. పళ్ళెంలో ముందు తినాల్సింది మాంసకృత్తులు: గుడ్డు, చేప, మెత్తగా ఉడికిన ఖీమా, పప్పు, పెరుగు. రోజుకు 60 నుంచి 80 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఒక గుడ్డులో 6 గ్రాములే ఉంటాయి కాబట్టి ఆ లెక్క చేరుకోవడం చిన్న పని కాదు. సంగటి ముద్ద, కుష్కా ముందు తింటే వాటికే చోటు నిండిపోతుంది. దావతుల్లో "ఇంకొంచెం వేసుకో అక్కా" అని బలవంతం చేయడం మన మర్యాద. ఈ ఒక్క మనిషి విషయంలో ఆ మర్యాద పక్కన పెట్టాలి. ఎక్కువైన ముద్ద వాంతిగా వస్తుంది. బైపాస్ అయినవాళ్ళు షీర్ ఖుర్మా కప్పు నిండా తాగితే గుండె దడ, చెమటలు, కళ్ళు తిరగడం, విరేచనాలు ఒక్కసారిగా రావచ్చు.

మూడో నెల నుంచి జుట్టు ఊడుతుంది. ఆడవాళ్ళు దీనికి బాగా బెదిరిపోతారు. తిండి, మందులు సరిగా ఉంటే చాలామందికి మళ్ళీ వస్తుంది. బరువు వేగంగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్ళు రావచ్చు. షుగరు, బీపీ మందుల మోతాదు తగ్గించకపోతే షుగరు, బీపీ బాగా పడిపోయే ప్రమాదం ఉంది. గర్భం ఏడాది, ఏడాదిన్నర దాకా వద్దంటారు. ఇవన్నీ మొదటి ఏడాది సంగతులు. ఆ ఏడాది అందరూ జాగ్రత్తగానే ఉంటారు.

తర్వాతే చిక్కు. బీ12, ఐరన్, క్యాల్షియం, విటమిన్ డీ జీవితాంతం వేసుకోవాలి. క్యాల్షియం రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు కావాలి. దాన్ని, ఐరన్ మాత్రను ఒకేసారి మింగితే ఐరన్ ఒంటికి పట్టదు, రెండు గంటలు ఎడం ఉండాలి. రక్త పరీక్షలు మొదటి ఏడాది మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆ తర్వాత ఏడాదికి ఒకసారి. బరువు తగ్గి ఒళ్ళు తేలికపడ్డాక "ఇంకెందుకీ మందులు" అనిపిస్తుంది. కొందరు గొట్టం మాత్రల్లో ఉండే జెలటిన్ హలాలో కాదో తెలియక, ఎవరినీ అడగలేక మానేస్తారు. అడిగితే దారి ఉంది. అవే విటమిన్లు మామూలు బిళ్ళలుగా, నమిలే మాత్రలుగా, శాకాహార గొట్టాల్లో కూడా దొరుకుతాయి, బీ12 అయితే ఇంజెక్షన్‌గా కూడా దొరుకుతుంది. మందు మానిన దెబ్బ వెంటనే కనబడదు. బీ12 నిల్వలు కాలేయంలో కొన్నేళ్ళు సరిపడా ఉంటాయి. అవి అయిపోయాక కాళ్ళలో తిమ్మిర్లు, రక్తహీనత మొదలవుతాయి. అప్పటికి ఆపరేషన్ సంగతి అందరూ మరచిపోయి ఉంటారు.

మన మూడు ఊళ్ళకు ప్రత్యేకంగా చెప్పవలసినవి రెండున్నాయి. ఒకటి నొప్పి మాత్రలు. ధర్మవరంలో మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని గంటల తరబడి కూర్చునేవాళ్ళకు నడుము నొప్పి, మోకాళ్ళ నొప్పి ఇంటి చుట్టం. నొప్పి అనగానే డైక్లోఫెనాక్ బిళ్ళో సూదో అందుతుంది. బైపాస్ అయినవాళ్ళకు అది అతుకు దగ్గర పుండు చేస్తుంది. బీడీ, సిగరెట్టు కూడా అంతే. నొప్పికి పారాసిటమాల్‌తో సరిపెట్టమని డాక్టర్లు చెబుతారు. రెండోది గ్లూకోజు సీసా. ఆపరేషన్ అయిన మనిషికి రోజుల తరబడి వాంతులైతే ఒంట్లో థయమిన్ అనే బీ1 విటమిన్ అడుగంటుతుంది. ఆ స్థితిలో థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు. మాట తడబడటం, కళ్ళు సరిగా తిరగకపోవడం, నడక తూలడం దాని గుర్తులు. దగ్గరి క్లినిక్‌కు వెళ్ళగానే "నాకు బరువు ఆపరేషన్ అయింది, ముందు థయమిన్ ఇవ్వండి" అని చెప్పడం ఇంట్లో ప్రతి ఒక్కరికీ నేర్పాలి. బైపాస్ అయిన మనిషికి, ఎన్నేళ్ళ తర్వాతైనా సరే, విడవని కడుపు నొప్పి వస్తే గ్యాస్ అని ఊరుకోకూడదు. లోపల పేగు మెలిపడి ఉండవచ్చు. సర్జన్ ఉన్న ఆసుపత్రికి ఆ రాత్రే చేరాలి.

ఇక మళ్ళీ పెరిగే బరువు. దీనికి స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి చేసిన పెద్ద పరిశీలన ఒకటి దారి చూపుతుంది. అందులో బైపాస్ అయినవాళ్ళు మొదటి ఒకటి రెండేళ్ళలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్ళకు చూస్తే ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. అంటే 120 కిలోల మనిషి 82 దాకా దిగి, పదేళ్ళకు 90 దగ్గర ఉన్నట్టు. ఆ ఎనిమిది కిలోలు ఆపరేషన్ విఫలమైనందుకు కాదు, మనిషి గాడి తప్పినందుకూ కాదు. తగ్గిన బరువును తిరిగి తెచ్చుకోవాలని ఒళ్ళే ప్రయత్నిస్తుంది. ఈ లెక్క తెలియకనే "అంత ఖర్చు పెట్టి మళ్ళీ లావయ్యింది చూడు" అని పెళ్ళిళ్ళలో వెనక చెవులు కొరుక్కుంటారు. ఆ మాట పడలేక ఆ మనిషి డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానేస్తుంది. మా దృష్టిలో ఎక్కువ నష్టం చేసేది ఈ సిగ్గే.

ఎనిమిది కాక ఇరవై ముప్పై కిలోలు తిరిగి వచ్చి, షుగరు కూడా తిరగబెడితే కారణం వెతకాలి. చాలాసార్లు అది జారుడు తిండిలో దొరుకుతుంది. సంగటి, మాంసం కడుపులో నిలుస్తాయి, నిండినట్టు తెలుస్తుంది. టీలో ముంచిన బిస్కెట్టు, బొరుగులు, మిక్చరు, జ్యూసు, ఐస్‌క్రీమ్ నిలవవు. కొంచెం కొంచెంగా రోజంతా పోతూనే ఉంటాయి. మూడుపూటలా తక్కువే తింటున్నానని ఆ మనిషి చెప్పేది నిజమే, మధ్యలో పోయినవి తిండిగా తోచవు. ఇంకొందరిలో థైరాయిడ్, స్టెరాయిడ్ మందులు, ఇన్సులిన్, మానసిక వైద్యానికి వాడే కొన్ని మందులు, నిద్రలేమి, దిగులు కారణమవుతాయి. కొద్దిమందిలోనే సంచి సాగిపోవడం, అతుకు వెడల్పవడం లాంటి లోపలి కారణం ఉంటుంది. అది ఎండోస్కోపీ, మందు తాగించి తీసే ఎక్స్‌రే చూస్తేనే తెలుస్తుంది. మాటల మీద తేలేది కాదు.

రెండో ఆపరేషన్ అర్జీలన్నిటినీ ఒకే గాటన కట్టకూడదని మేమనేది ఇందుకే. స్లీవ్ తర్వాత కొందరికి ఛాతీలో మంట, పులి తేపులు పట్టుకుని మందులకు లొంగవు. వాళ్ళకు స్లీవ్‌ను బైపాస్‌గా మార్చడం అసలైన చికిత్స. బైపాస్ తర్వాత ఆగని విరేచనాలతో, మాంసకృత్తులు పట్టక కాళ్ళు వాచి, మరీ చిక్కిపోయినవాళ్ళకు పేగు అమరికను సరిచేయాల్సి రావచ్చు. మానని పుండు, ఇరుకైన అతుకు, పాత రోజుల్లో వేసి జారిపోయిన బ్యాండు, ఇవీ అంతే. ఇలాంటి అర్జీ వస్తే నాన్చకుండా సాయం చేయడమే న్యాయం. కేవలం బరువు పెరిగిందని వచ్చిన అర్జీకి మాత్రం ముందు పరీక్షలకూ, ఆహార నిపుణుల సలహాకూ, కొన్ని నెలల ప్రయత్నానికీ సాయం చేసి, అప్పటికీ సర్జన్ కావాలంటే ఆపరేషన్ సంగతి చూడాలి. ఒకసారి కోసి కుట్టిన చోట లోపలి భాగాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, రక్తప్రసరణ మారి ఉంటుంది. అందుకే కుట్ల దగ్గర లీకు కావడం, రక్తస్రావం లాంటి ప్రమాదాలు మొదటిసారి కంటే రెండోసారి ఎక్కువ. తగ్గే బరువు చూస్తే సాధారణంగా మొదటిసారి కంటే తక్కువ.

ఇప్పుడు వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్లు కూడా వచ్చాయి. మౌంజారో మన దేశంలోకి 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో వచ్చాయి. ఆపరేషన్ తర్వాత మళ్ళీ బరువు పెరిగినవాళ్ళకు రెండో కోతకు ముందు వీటిని ఆలోచించే డాక్టర్లు పెరుగుతున్నారు. ఖర్చు ఉంది, ఆపేస్తే బరువు మళ్ళీ రావడమూ ఉంది. డాక్టరు చీటీ లేకుండా తెప్పించుకునే పని మాత్రం ఎవరూ చేయవద్దు.

దాతలకు గుర్తుండే ఉదంతం ఒకటి ఉంది. ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నుంచి ఇమాన్ అహ్మద్ అనే మహిళను 2017 ఫిబ్రవరిలో సరుకు రవాణా విమానంలో ముంబయి తెచ్చారు. ఆమె బరువు 500 కిలోల దాకా ఉందని అప్పట్లో వార్తలు. దాతలు ముందుకొచ్చారు, సైఫీ ఆసుపత్రిలో మార్చిలో స్లీవ్ ఆపరేషన్ జరిగింది. మే నెలలో ఆమెను అబూధాబీకి తరలించారు. సెప్టెంబరు 25న గుండె, కిడ్నీ సమస్యలతో అక్కడే కన్నుమూశారు. అల్లాహ్ ఆమెను కరుణించుగాక. ఎవరినీ తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆమె ఒంట్లో అప్పటికే ఎన్నో జబ్బులున్నాయి. ఆపరేషన్ రోజు ప్రపంచమంతా చూసిన మనిషికి, ఆ తర్వాత నడవాల్సిన దారి ఎంత ఉందో దాతలు గమనించాలని చెబుతున్నాం.

రంజాన్ సంగతి చాలామంది అడుగుతారు. ఆపరేషన్ తర్వాత ఏడాది, ఏడాదిన్నర దాకా రోజా వద్దని సాధారణంగా డాక్టర్లు అంటారు, ఎందుకంటే గుక్కెడు గుక్కెడుగా రోజంతా తాగాల్సిన నీళ్ళు ఇఫ్తార్‌కూ సహరీకీ మధ్య పట్టవు. జబ్బు మనిషికి మినహాయింపు ఉందని మనందరికీ తెలుసు, దాన్ని వాడుకోవడానికి మొహమాటం అక్కరలేదు. ఆ తర్వాతి ఏళ్ళలో ఉండదలిస్తే ముందే డాక్టరును అడిగి మందుల వేళలు మార్చుకోవాలి. ఇఫ్తార్‌లో షర్బత్, సమోసాతో మొదలుపెట్టకుండా నీళ్ళు, కొంచెం పలుచని హలీంతో మొదలుపెడితే కడుపు తట్టుకుంటుంది.

మన మూడు ఊళ్ళూ బెంగళూరు రైలు దారి మీదే ఉన్నాయి. హిందూపురం నుంచి అది సుమారు 100 కిలోమీటర్లే. ఆపరేషన్‌కు వెళ్ళినంత పట్టుదలగా ఏడాదికోసారి పరీక్షకు వెళ్ళడానికి అడ్డుపడేది దూరం కాదు. ఆ రోజు కూలీ, తోడు వచ్చేవాళ్ళ ఛార్జీలు, రక్త పరీక్షల బిల్లు, నెలనెలా మందులు. రెండో ఆపరేషన్ అంటే లక్షల మాట. ఈ ఖర్చులు అంతకంటే చాలా చిన్నవి, కానీ చిన్నవి కాబట్టే ఎవరూ అడగరు, ఎవరూ ఇవ్వరు. ఈ పద్దుకు ప్రత్యేకంగా విరాళం ఇవ్వదలచిన దాతలు రసీదు మీద "ఆపరేషన్ తర్వాతి మందులు, పరీక్షలకు" అని రాయిస్తే ఆ సొమ్మును దానికే వాడుతాం.

అర్జీ తెచ్చేవాళ్ళకు కూడా ఒక మాట చేరవేయండి. మొదటి ఆపరేషన్ డిశ్చార్జి చీటీ, సర్జన్ రాసిన ఆపరేషన్ నోట్సు తప్పక తేవాలి. ఏ రకం ఆపరేషన్ జరిగిందో, పేగు ఎంత పొడవు వదిలారో అందులోనే ఉంటుంది. అది లేకుండా రెండో సర్జన్ చీకట్లో చేయి పెట్టినట్టే. ఇల్లు మారేటప్పుడు, వానకు తడిసి పోయే కాగితాలు ఇవే. తెచ్చిన రోజే జిరాక్స్ తీసి ఒక ప్రతి మా ఆఫీసు బీరువాలో ఉంచుతాం, అసలు కాగితాలు అప్పటికప్పుడే తిరిగి ఇచ్చేస్తాం.