గండికోటలో ఒక పొద్దంతా నడిస్తే

తొండూరు నుంచి ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా గండికోటకు పోయేవాళ్లలో చాలామంది పెన్నా లోయ అంచున నిలబడి నాలుగు ఫొటోలు తీసుకుని తిరుగుముఖం పడతారు. లోయ చూడాల్సిందే, కాదనను. కానీ గండికోట ఒకప్పుడు నిండుగా జనం ఉన్న పట్నం. పట్నాన్ని కాళ్లతో నడిచి చూడాలి.

ఇక్కడి విశేషాలను యూరప్ పాఠకులకు మొదట చెప్పినవాళ్లలో ఒకడు టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి. 1652 సెప్టెంబరులో వచ్చాడు. కొండను తొలిచి వేసిన ఒకే ఒక్క ఇరుకుదారి, పక్కనే గుండె జారే లోయ, అడుగున పెద్ద ఏరు అని రాసుకున్నాడు. కొండమీద చిన్న మైదానంలో వరి, చిరుధాన్యాలు పండుతున్నాయనీ, వాటికి ఊటనీళ్లు అందుతున్నాయనీ కూడా గమనించాడు. ముట్టడిలో ఉన్న కోటకు ఇంతకన్నా కావలసిందేముంది?

ఆయన కలవడానికి వచ్చింది మీర్ జుమ్లాను. ఇరాన్ నుంచి వచ్చి, వజ్రాల వ్యాపారంలో గడించి, గోల్కొండ సుల్తానుకు మంత్రీ సేనానీ అయినవాడు. విజయనగర సామంతులైన పెమ్మసాని నాయకుల చేతిలోంచి గండికోటను గెలిచింది ఇతనే. టావెర్నియర్ చూసేసరికి కొలువులో చెప్పుల్లేకుండా కూర్చుని ఉన్నాడట. కాలివేళ్ల సందుల్లో కొన్ని కాగితాలు, ఎడమచేతి వేళ్ల సందుల్లో మరికొన్ని. ఒక్కొక్కటే లాగి, జవాబు ఏం రాయాలో గుమాస్తాలకు చెబుతున్నాడు. రాజ్యాలు గెలిచినవాడి కచేరీ ఇంత సాదాగా నడిచేదని తెలిశాక, ఆ శిథిలాల మధ్య నడక వేరుగా ఉంటుంది.

మరో ఫ్రెంచివాడు క్లోద్ మాయీ. మీర్ జుమ్లా కోసం ఇక్కడ ఫిరంగులు పోతపోయడానికి పూనుకున్నాడు. లోహం కోసం గుళ్లలోని రాగి విగ్రహాలు తెప్పించారు. అన్నీ కరిగినా, గండికోట గుడిలోని ఆరు పెద్ద విగ్రహాలు మాత్రం ఎంత మంట పెట్టినా కరగలేదని టావెర్నియర్ రాశాడు. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. మాధవరాయస్వామి గోపురం కింద నిలబడితే ఈ కథే గుర్తొస్తుంది.

గోపురం చూశాక జామియా మసీదు వైపు నడవండి. పక్కనే వంపు కప్పుల పొడవాటి ధాన్యాగారం. లోపలికి అడుగుపెడితే ఎండ వేడిమి తగ్గిపోతుంది. కత్తుల కోనేరు కూడా దగ్గరే. యుద్ధం ముగిశాక అందులో కత్తులు కడిగేవాళ్లని ఊళ్లో చెప్పుకుంటారు. ఊరు అంటే కోటలోపలి ఊరే. ఇప్పటికీ అక్కడ కాపురాలున్నాయి. జాలీ కిటికీల చిన్న బురుజు లాంటి కట్టడాన్ని చార్మినార్ అంటారు. దాని పక్కనే పాత జైలు.

ఇక లోయ. పేర్చి పెట్టిన పలకల్లాంటి ఆ రాళ్లను భూగర్భ శాస్త్రంలో ‘గండికోట క్వార్ట్‌జైట్’ అంటారు. దానికన్నా పాతది ‘పులివెందుల క్వార్ట్‌జైట్’, ఆ రెంటికీ మధ్య తాడిపత్రి పేరుతో ఇంకో శిలావరుస. మన ఊళ్ల పేర్లు దేశదేశాల శాస్త్రవేత్తల నోళ్లలో నానుతున్నాయి. పులివెందుల దగ్గర శిలల మధ్యకు చొచ్చుకొచ్చి గడ్డకట్టిన శిలాద్రవపు (మాగ్మా) పొరకు సుమారు 188 కోట్ల ఏళ్లని లెక్కగట్టారు. గండికోట రాయి ఒకనాటి సముద్రపు ఇసుక. వంగి చూస్తే కొన్ని పలకలమీద అలల ముడతలు ఇంకా కనిపిస్తాయి. కోటగోడలు కట్టింది ఈ కొండరాతితోనే.

వెళ్లేది కార్తీకం, మాఘం మధ్యనైతే మేలు. వేసవిలో ఆ బండలు పదిగంటలకే కాలుతాయి. నీళ్లు వెంట తీసుకుపొండి. లోయ అంచున పిల్లల చెయ్యి వదలొద్దు.