మాట వినపడని పాటలు

పాటంటే మాట వినపడాలి. ఇది మనకి చిన్నప్పట్నుంచీ ఉన్న పట్టింపు. ఘంటసాల గొంతులో ఒక్క అక్షరం జారిపోదు. పాట అయిపోగానే "ఎవరు రాశారు?" అని అడగడం మన ఇళ్ళలో మామూలు. ఆత్రేయా, వేటూరా, సిరివెన్నెలా అని పందేలు కాసుకున్నవాళ్ళం. ఈమధ్య మన సినిమాలకి ముందుగానే "ఫస్ట్ సింగిల్", "సెకండ్ సింగిల్" అని వదులుతున్నారు కదా, అవి కూడా లిరికల్ వీడియోలే. పాటతో పాటు అక్షరాలు తెరమీద గెంతుతూ ఉండాలి. లేకపోతే మనకి తోచదు.

అలాంటి చెవులతో పెరిగినవాళ్ళకి ఒక పాట పెట్టి, "ఇందులో గొంతుని కావాలనే గిటార్ల వెనకాల దాచారు, మాటలు తెలియకపోయినా పరవాలేదు" అంటే ఇదేం చోద్యం అంటారు. ఆ చోద్యం గురించే ఈ నాలుగు ముక్కలూ.

ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ఒక రకం బ్యాండులున్నాయి. పెద్ద కంపెనీల వెన్నుదన్ను లేకుండా చిన్న లేబుళ్ళ మీద, లేదా సొంతంగా, పాటలు విడుదల చేసుకుంటారు. వాళ్ళ పాట వింటుంటే తెల్లవారుజామున మంచులో రోడ్డు చూస్తున్నట్టుంటుంది. ఏదో ఉందని తెలుస్తుంది, అంచులు మాత్రం కనపడవు. దీన్ని డ్రీమ్ పాప్ అంటారు, షూగేజ్ అంటారు, లో-ఫై అంటారు. షూగేజ్ అన్నది అసలు వెక్కిరింపు. స్టేజి మీద ఈ కుర్రాళ్ళు జనం వంక చూడరు, ఎంతసేపూ తల దించుకుని బూట్ల వంకే చూస్తారని తొంభైల మొదట్లో బ్రిటిష్ సంగీత పత్రికలు ఎగతాళి చేశాయి. వాళ్ళు చూస్తున్నది బూట్లని కాదు, బూట్ల ముందు వరసగా పేర్చుకున్న పెడళ్ళని. గిటార్ శబ్దాన్ని సాగదీసేది ఒకటి, ప్రతిధ్వని పుట్టించేది ఒకటి, చించి పీలికలు చేసేది ఒకటి. పాట సగం కాళ్ళతోనే నడుస్తుంది మరి!

ఒక సంగతి మాత్రం విడమరిచి చెప్పుకోవాలి. ఈ మసక అంతా ఒకటి కాదు. ఒకటి లేమి వల్ల వచ్చింది, ఇంకోటి ఏరి కోరి తెచ్చుకున్నది.

లేమి సంగతి ముందు. 1979లో టాస్కామ్ కంపెనీ పోర్టాస్టూడియో అని ఒక పెట్టె తెచ్చింది. మామూలు క్యాసెట్ మీదే నాలుగు ట్రాకులు విడివిడిగా రికార్డు చేసుకోవచ్చు. అంతవరకూ రికార్డింగ్ అంటే స్టూడియో, గంటకింత అద్దె, ఇంజనీరు. ఈ పెట్టె వచ్చాక పడగ్గదే స్టూడియో అయింది. 1982లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలో తన ఇంట్లో ఆ పెట్టె మీద కొన్ని పాటలు నమూనాగా పాడి పెట్టుకున్నాడు. తర్వాత వాటినే బ్యాండుతో స్టూడియోలో వాయించి చూస్తే ప్రాణం పోయింది. చివరికి ఆ క్యాసెట్టునే 'నెబ్రాస్కా' అన్న ఆల్బమ్‌గా వేశారు.

స్ప్రింగ్‌స్టీన్ అప్పటికే పెద్ద పేరున్నవాడు. టెక్సస్‌లో డేనియల్ జాన్‌స్టన్ అని ఒకతను ఉండేవాడు. మనసు కుదురుగా ఉండని జబ్బు. మెక్‌డొనాల్డ్స్‌లో పనిచేసుకుంటూ, చవక టేప్ రికార్డర్ మీద సొంత పాటలు పాడుకుని, క్యాసెట్టు మీద తనే బొమ్మ గీసి, ఆస్టిన్ వీధుల్లో కనపడిన వాళ్ళ చేతిలో పెట్టేవాడు. మొదట్లో కాపీ తీసే సాధనం లేక, ఇంకో క్యాసెట్ కావాలంటే పాటలన్నీ మళ్ళీ మొదట్నుంచీ పాడేవాడని చెప్తారు. ఒహాయోలోని డేటన్ ఊళ్ళో రాబర్ట్ పొలార్డ్ బడిపంతులు. పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ మిత్రుల గరాజుల్లో, బేస్‌మెంట్లలో గైడెడ్ బై వాయిసెస్ పేరుతో రికార్డు చేసిన 'బీ థౌజండ్' 1994లో వచ్చింది. టేపు బుసబుస కూడా అందులోనే ఉంటుంది. ఆ బుసని తీసేస్తే పాట బాగుపడదు. గది మాయమవుతుంది.

కోరి తెచ్చుకున్న మసకకి ఉదాహరణ మై బ్లడీ వాలెంటైన్. 1991లో వచ్చిన వాళ్ళ 'లవ్‌లెస్' వింటే ఎవరో తడి గుడ్డ కప్పిన స్పీకర్లోంచి వస్తున్నట్టుంటుంది. పైసా లేక అలా చేశారనుకుంటాం. తీరా చూస్తే కెవిన్ షీల్డ్స్ రెండేళ్ళకి పైగా స్టూడియో తర్వాత స్టూడియో మారుతూ చెక్కిన శబ్దం అది. గిటార్ తీగల బిగువుని సడలించే చిన్న మీట ఒకటుంటుంది. మామూలుగా దాన్ని అప్పుడొకసారీ ఇప్పుడొకసారీ నొక్కుతారు. ఈయన దాన్ని చేత్తో పట్టుకునే తీగలు మీటాడు. దాంతో ప్రతి స్వరమూ కాస్త వంగి, తేలి, మళ్ళీ సర్దుకుంటుంది. మన గమకం తెలిసిన చెవికి ఇది మరీ అంత పరాయిగా ఉండదు. ఒక స్వరం నిటారుగా నిలబడి ఉండక్కరలేదని మనకి ముందే తెలుసు కదా.

ఇప్పుడు యూట్యూబ్‌లో మన ఇళయరాజా పాటల్ని, ఏ.ఆర్. రెహమాన్ పాటల్ని నెమ్మది చేసి, వాన చప్పుడు కలిపి, "లోఫై వెర్షన్" అని పెడుతున్నారు. వినడానికి హాయిగానే ఉంటాయి, నేనూ వంట చేస్తూ పెట్టుకుంటాను. కానీ అవి మెరుస్తున్న స్టీలు గిన్నెకి మసి పూసినట్టు. కట్టెల పొయ్యి మీద ఉండి మసి పట్టిన గిన్నె వేరు.

ఇక ఒక బ్యాండు కథ చెప్తాను. ఈ ధోరణి అంతా దాంట్లోనే ఉంది.

లండన్‌కి పడమర రెడింగ్ అనే ఊరు. నీల్ హాల్‌స్టెడ్, రేచెల్ గాస్‌వెల్ చిన్నప్పట్నుంచీ స్నేహితులు. 1989లో మరికొందరితో కలిసి స్లోడైవ్ అని పెట్టుకున్నారు. అందరికీ ఇరవై లోపో, అటూ ఇటూనో. క్రియేషన్ రికార్డ్స్ వాళ్ళు తీసుకున్నారు. తొలి సింగిళ్ళని మెచ్చుకున్న పత్రికలే ఏడాది తిరక్కుండా మొహం తిప్పుకున్నాయి. 1993లో 'సువ్లాకి' వచ్చేసరికి అమెరికా నుంచి గ్రంజ్, ఇంట్లో బ్రిట్‌పాప్. గట్టిగా అరిచేవాళ్ళకీ, నవ్వుతూ పోజులిచ్చేవాళ్ళకీ గిరాకీ. ఈ మంచు పాటలు ఎవరికి కావాలి? సమీక్షకులు చీల్చి చెండాడారు. 1995లో ఇంకా పల్చగా, దాదాపు నిశ్శబ్దంగా 'పిగ్మేలియన్' చేసిచ్చారు. కొద్ది రోజులకే క్రియేషన్ వాళ్ళని వదిలేసింది. బ్యాండు ముగిసింది.

ఆ తర్వాత పందొమ్మిదేళ్ళు! నీల్, రేచెల్ వేరే పేరుతో వేరే రకం పాటలు పాడుకున్నారు. మిగిలినవాళ్ళు తలో పనీ చూసుకున్నారు. ఈలోగా ఇంటర్నెట్ వచ్చింది. పత్రికల తీర్పు తెలియని పిల్లలు, ఆ పాటలు వచ్చినప్పటికి పుట్టను కూడా పుట్టని పిల్లలు, 'సువ్లాకి'ని ఒకరికొకరు అందించుకున్నారు. 2014లో మళ్ళీ కలిసి బార్సిలోనాలో ప్రిమవేరా ఉత్సవంలో వాయించేసరికి, తొంభైల్లో ఎన్నడూ చూడనంత జనం. 2017 జనవరిలో 'స్టార్ రోవింగ్' అని ఒక సింగిల్. ఇరవై రెండేళ్ళలో వాళ్ళ మొదటి కొత్త పాట అది. 2023 సెప్టెంబరులో 'ఎవ్రీథింగ్ ఈజ్ అలైవ్' ఆల్బమ్ బ్రిటన్ చార్టుల్లో మొదటి పది స్థానాల్లోకి వెళ్ళింది. యౌవనంలో దక్కనిది యాభైల్లో దక్కింది.

ఈ ఆల్బమ్ సంగతికి వచ్చేసరికి నేను మా సొంత గొడవ కాస్త చెప్పాలి. 2020లో రేచెల్ తల్లీ, డ్రమ్మర్ సైమన్ స్కాట్ తండ్రీ పోయారు. ఆల్బమ్ ఆ ఇద్దరికీ అంకితం. మా అమ్మ 2021 మేలో పోయింది. విమానాలు లేవు, వీసా స్టాంపింగ్ లేదు. నేనిక్కడ, ఎమ్మెస్ చదువుతున్న మా అక్క కూతురు ఇంకో రాష్ట్రంలో. ఇద్దరం ఫోన్లో చూశాం, జరగాల్సినవన్నీ. సిగ్నల్ ఆగుతూ, బొమ్మ చతురస్రాలుగా విడిపోతూ. మాట ఒకచోట, పెదవులు ఒకచోట. తర్వాత చాలా నెలలు మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు.

ఆ పిల్లే నాకీ పాటలు పంపించింది. "మాటలేం అర్థం కావట్లేదే" అన్నాను మొదటిసారి.

"అర్థం కానక్కర్లేదు పిన్నీ. అమ్మమ్మ పోయాక అందరూ ఏదో ఒక మాట చెప్పారు కదా. ఇందులో ఎవ్వరూ ఏమీ చెప్పరు. అందుకే వింటున్నా" అంది.

నేనేం జవాబు చెప్పలేదు. ఆ రాత్రి ఆల్బమ్ మొత్తం విన్నాను. ఓదార్పు మాటలకి ఒక ఇబ్బంది ఉంది. విన్నందుకు మనం తలాడించాలి, "అవును, నిజమే" అనాలి. ఈ పాటలు మననుంచి ఏ జవాబూ ఆశించవు. సాహిత్యం లేకపోతే పాట ఒట్టిపోతుందని నేను ఇప్పటికీ అనను. కానీ మాట మోయలేని బరువుని మాట మీదే పెట్టడం ఎందుకని మాత్రం ఆ పిల్ల వల్ల తోచింది.

సరే, ఇక కచేరీల సంగతి. ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే మెత్తగా, దూదిపింజలా ఉన్న పాట, హాల్లో గోడలా వచ్చి తగులుతుంది. ఈ రకం బ్యాండుల్ని చూడ్డానికి మొదటిసారి వెళ్ళినవాళ్ళు బెదిరిపోయేది ఇక్కడే. నిద్రపుచ్చుతారనుకుంటే పక్కటెముకలు అదురుతాయి. మై బ్లడీ వాలెంటైన్ అయితే 2008లో మళ్ళీ వేదికలెక్కినప్పుడు గుమ్మం దగ్గరే చెవుల్లో పెట్టుకునే బిరడాలు పంచారు. చివర్లో ఒకే శబ్దాన్ని నిమిషాల తరబడి వాయిస్తారు. మొదట విసుగు, తర్వాత భయం, ఆ తర్వాత ఆ హోరులోనే ఎక్కడో ఒక స్వరం పాడుతున్నట్టు వినిపిస్తుంది. అది వాళ్ళు వాయించింది కాదు, మన చెవి కల్పించుకున్నది.

మేముండే ఊళ్ళో మూడొందల మంది పట్టే చిన్న హాలొకటుంది. కుర్చీలుండవు. పేరు కూడా తెలియని బ్యాండులు వ్యాన్లో వచ్చి, తమ యాంప్లిఫయర్లు తామే మోసుకుని, వాయించి, మళ్ళీ తామే మోసుకుని పోతారు. పాట అవగానే గిటారిస్టే వెనక బల్ల దగ్గరికొచ్చి టీ షర్టులు, రికార్డులు అమ్ముతాడు. మన ఊళ్ళో హరికథ అయ్యాక హారతి పళ్ళెం తిప్పినట్టే. అందులో చిన్నతనం ఏమీ లేదు, బతకాలి.

ఆ బల్ల ఎందుకంత ముఖ్యమో చెప్తాను. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాటని పన్నెండు నెలల్లో వెయ్యిసార్లైనా వినకపోతే ఆ పాటకి రాయల్టీ లెక్కలోకే రాదు. ఇలాంటి బ్యాండ్ల కొత్త సింగిళ్ళు ఎన్నో ఆ గీతకి కిందే ఉండిపోతాయి. బ్యాండ్‌క్యాంప్ అన్నచోట అయితే శ్రోత నేరుగా కొంటాడు. డిజిటల్ అమ్మకాల్లో ఆ సంస్థ తీసుకునేది 15 శాతం, రికార్డులు, షర్టుల మీద 10 శాతం. 2020 మార్చిలో, కచేరీలన్నీ ఆగిపోయిన రోజుల్లో, ఒక శుక్రవారం తన వాటా మొత్తం వదులుకుంది. అది బాగుందని తర్వాత కూడా కొన్ని శుక్రవారాలు కొనసాగించింది.

అలాగని ఈ దారిలో అందరూ చిన్న హాళ్ళకే పరిమితం కారు. 2012లో ఎల్ పాసోలో గ్రెగ్ గొంజాలెజ్ అనే అతను యూనివర్సిటీ మెట్లదారిలో, ఆ నాలుగంతస్తుల ప్రతిధ్వని కోసం, నాలుగు పాటలు రికార్డు చేశాడు. సిగరెట్స్ ఆఫ్టర్ సెక్స్ వాళ్ళ తొలి ఈపీ అది. కొన్నేళ్ళపాటు ఎవరూ పట్టించుకోలేదు. 2024లో అదే బ్యాండు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వాయించింది, 2025 జనవరిలో ముంబైకీ వచ్చింది. మెట్లదారికి అద్దె కట్టక్కర్లేదు!

మీకూ ఒకసారి చెవి పెట్టి చూడాలనిపిస్తే ఇలా మొదలుపెట్టండి. 'సువ్లాకి'లో మొదటి పాట 'అలిసన్', ఆ తర్వాత 'వెన్ ది సన్ హిట్స్'. అవి పట్టుబడితే 'ఎవ్రీథింగ్ ఈజ్ అలైవ్' నుంచి మొదట విడుదలైన సింగిల్ 'కిసెస్'. రాత్రి పూట, కారులో ఒక్కరే ఉన్నప్పుడైతే ఇంకా మేలు. మొదటిసారి మాటల కోసం నెట్‌లో వెతక్కండి. రెండోసారికి వెతికినా తప్పులేదు.

ఇక మీ ఊరి చిన్న హాలుకి ఇలాంటి బ్యాండు ఏదైనా వస్తే, పేరు తెలియకపోయినా వెళ్ళండి. ప్రధాన బ్యాండు కంటే ముందు వాయించేవాళ్ళని కూడా వినండి. వచ్చేటప్పుడు బల్ల దగ్గర ఏదో ఒకటి కొనండి. చెవుల్లో దూది మాత్రం మర్చిపోకండి.