పాట ఒకరిది, ఆట ఒకరిది: బోనీ ఎం. బాబీ ఫారెల్

బాబీ ఫారెల్ 1949 అక్టోబరు 6న అరూబా దీవిలోని శాన్ నికోలాస్ పట్టణంలో పుట్టాడు. వెనిజులా తీరానికి కూతవేటు దూరంలో, కరీబియన్ సముద్రంలో ఉన్న చిన్న దీవి అది. అప్పట్లో అక్కడ డచ్చివారి ఏలుబడి. కరీబియన్ అనగానే పచ్చటి కొబ్బరితోటలు గుర్తొస్తాయి గానీ అరూబా అలాంటిది కాదు. తనకల్లు, కదిరి చుట్టుపక్కల నేలలాగే వాన మొహం చూడని మెట్ట. ముళ్లజెముడు, కలబంద తప్ప పెద్దగా ఏదీ పండదు. ఒకప్పుడు కలబంద ఎగుమతికి ఆ దీవి పేరుమోసింది. తర్వాత శాన్ నికోలాస్‌లో పెద్ద చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది. దాంతో చుట్టుపక్కల దీవుల జనం పనికోసం ఆ ఊరికి చేరారు. ఎక్కడెక్కడి భాషలో, ఎక్కడెక్కడి పాటలో కలిసిన కూలీల ఊరు అది.

పదిహేనేళ్ల వయసులో ఫారెల్ ఓడపనికి కుదిరి దీవి వదిలాడు. కొంతకాలం నార్వేలో ఉండి, అక్కడి నుంచి నెదర్లాండ్స్‌కు, ఆపైన జర్మనీకి వెళ్లాడు. కదిరి, రాయచోటి వైపు కుర్రాళ్లు కువైట్ దారి పట్టినట్టు, డచ్చి పాలనలోని దీవుల యువకులకు యూరప్ బతుకుదెరువు. ఫారెల్ డిస్కో క్లబ్బుల్లో రికార్డులు వేసే డీజేగా పొట్టపోసుకున్నాడు. డ్యాన్సు అతనికి సొంతంగా అబ్బిన విద్య.

అదే సమయంలో జర్మనీలో ఫ్రాంక్ ఫారియన్ అనే సంగీత నిర్మాత ఒక చిక్కులో ఉన్నాడు. 1975లో విడుదలైన ఒక డిస్కో పాటను అతను స్టూడియోలో అన్ని గొంతులూ తానే పాడి తయారుచేశాడు. రికార్డు మీద మాత్రం 'బోనీ ఎం.' అని వేశాడు. ఆస్ట్రేలియా టీవీ ధారావాహికలోని ఒక డిటెక్టివ్ పేరు నుంచి తీసుకున్న పేరది. పాట అమ్ముడుపోవడం మొదలయ్యాక టీవీ వాళ్లు బృందాన్ని రమ్మన్నారు. బృందమంటూ ఉంటే కదా! అప్పుడు మనుషుల కోసం వెతుకులాట మొదలైంది. చివరికి నిలిచిన నలుగురూ కరీబియన్ బిడ్డలే. లిజ్ మిచెల్, మార్షియా బారెట్ జమైకాలో పుట్టినవారు, మైజీ విలియమ్స్‌ది మాంట్‌సెరాట్ దీవి, ఫారెల్‌ది అరూబా.

1976లో 'డాడీ కూల్' జర్మనీలో మొదటి స్థానానికి చేరింది. 1977లో 'మా బేకర్', 1978లో 'రివర్స్ ఆఫ్ బాబిలాన్', 'రాస్పుటిన్' వచ్చాయి. వీటిలో 'రివర్స్ ఆఫ్ బాబిలాన్' జమైకా బృందం మెలోడియన్స్ 1970లో చేసిన పాట. బైబిల్ కీర్తనల్లోని, పరాయిదేశంలో చెరపడిన యూదుల దుఃఖం దానికి మూలం. ఇల్లు వదిలి వచ్చినవారి నోట యూరప్ అంతా దాన్ని విని గంతులేసింది. బ్రిటన్‌లో ఐదు వారాలు అది మొదటి స్థానంలో ఉంది. ఆ ఏడాది డిసెంబరులో బృందం మాస్కోలోనూ కచేరీలు చేసింది. జారు చక్రవర్తుల ఆస్థానంలో చక్రం తిప్పిన రాస్పుటిన్ మీది పాటను మాత్రం అక్కడ పాడలేదు.

ఈ వైభవంలో ఫారెల్ వాటా ఏమిటి? రికార్డుల్లో వినిపించే లోతైన మగగొంతు అతనిది కాదు, ఫారియన్‌ది. ఆడగొంతులు మిచెల్‌వి, బారెట్‌వి. తెర మీద కనిపించింది మాత్రం ఫారెలే. గుబురు జుట్టు, గుండీలు విప్పిన చొక్కా, క్షణం నిలవని కాళ్లు. మిగతా ముగ్గురూ మైకుల ముందు కుదురుగా ఊగుతుంటే, అతను వాళ్ల మధ్య బొంగరంలా తిరిగేవాడు. పెదవులు పాటతో కలిసేవి, ఒళ్లు తాళంతో కలిసేది. బోనీ ఎం. అంటే జనం కళ్లలో నిలిచిన బొమ్మ అదే.

తెలుగు ప్రేక్షకులకు ఇందులో వింతేమీ తోచదు. ఎన్టీఆర్, ఏఎన్నార్‌లకు ఘంటసాల పాడారు. ఎవరూ దాన్ని మోసమనలేదు. ఎందుకంటే ఇక్కడ నేపథ్య గాయకుడి పేరు టైటిల్స్‌లోనూ, రికార్డు మీదా ఉండేది. పాడినవారికి పాట గౌరవం, నటించినవారికి నటన గౌరవం. పాశ్చాత్య పాప్ సంగీతంలో అలాంటి ఒడంబడిక లేదు. వేదిక మీద నిలబడినవాడే పాడాలని శ్రోతలు నమ్మేవారు. ఫారియన్ ఆ నమ్మకాన్ని వాడుకున్నాడు. నింద మాత్రం ఎదురుగా నిలబడినవాడి మీద పడింది. ఈ పద్ధతినే అతను తర్వాత మిల్లీ వనిల్లీ జంటతో కొనసాగించాడు. 1990లో వాళ్లకు గ్రామీ పురస్కారం వచ్చింది, పాడింది వాళ్లు కాదని అదే ఏడాది బయటపడి పురస్కారం వెనక్కి పోయింది. ఆ ఇద్దరిలో ఒకడైన ఫాబ్ మోర్వాన్ తల్లిదండ్రులదీ కరీబియన్ దీవే, గ్వాడెలూప్.

ఈ డిస్కో గాలి భారతదేశాన్నీ తాకింది. ఫారియన్ పాటలు నిర్మించిన మరో బృందం ఇరప్షన్, దాని గాయని ప్రెషస్ విల్సన్ కూడా జమైకాలో పుట్టిన మనిషే. వాళ్ల 'వన్ వే టికెట్' బాణీయే 1980 నాటి హిందీ చిత్రం 'ప్యారా దుష్మన్'లో ఉషా ఉతుప్ గొంతులో 'హరి ఓం హరి' అయింది.

1981లో ఫారెల్ బృందానికి దూరమయ్యాడు. అతని స్థానంలో రెగీ సీబో వచ్చాడు. ఒంటరిగా చేసిన రికార్డులు అతనికి పెద్దగా కలిసిరాలేదు. 1984లో తిరిగొచ్చాడు గానీ, 1986లో బృందమే విడిపోయింది. అప్పటి నుంచి నలుగురూ ఎవరి బోనీ ఎం.ని వాళ్లు నడుపుకున్నారు. ఫారెల్ కొత్త గాయనులతో ఊరూరా తిరిగి, పాత పాటల్లోని మగగొంతును ఈసారి తానే పాడాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇల్లు, బతుకంతా ప్రయాణాల్లో. రష్యాలో అతనికి ఆదరణ చివరిదాకా తగ్గలేదు.

2010 డిసెంబరు 30న రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, ముందురోజు ప్రదర్శన ఇచ్చి వచ్చిన ఫారెల్ హోటల్ గదిలో గుండె ఆగి చనిపోయాడు. వయసు 61. రాస్పుటిన్ హత్య జరిగింది కూడా ఆ నగరంలోనే, 1916లో అదే తేదీన. పత్రికలు ఈ కాకతాళీయాన్నే పెద్దగా రాశాయి. చివరి రోజు వరకు వేదిక దిగని అతని శ్రమను అంతగా పట్టించుకోలేదు.

ఫారియన్ 2024 జనవరిలో మరణించాడు. 'రాస్పుటిన్' 2021లో కొత్త రీమిక్స్‌గా వచ్చి, ఆ బృందం పేరు కూడా తెలియని పిల్లల ఫోన్లలో మళ్లీ మోగింది. అందులో వినిపించే మగగొంతు ఫారియన్‌దే. ఫారెల్ సొంత గొంతు వినాలనుకునేవారు స్టూడియో రికార్డులను పక్కనపెట్టి, కచేరీల్లో నేరుగా పట్టిన రికార్డింగులు వినాలి.