రాళ్లు సీమకు వెళ్లాయి, చేతులు ఇక్కడే ఉన్నాయి

బెజవాడ అనగానే మనకు మండుటెండలూ, రైల్వే జంక్షనూ, కనకదుర్గమ్మ కొండా గుర్తుకొస్తాయి. వచ్చినవారు కృష్ణలో మునిగి, అమ్మవారిని దర్శించుకొని, రాత్రి బండికి తిరిగి వెళ్లిపోతుంటారు. మరో మూడు రోజులు వీలుచేసుకొని ఆగితే, ఈ నది ఒడ్డున రెండు వేల యేళ్ల పనితనం కళ్లారా చూడవచ్చు. పిల్లలను కూడా వెంటబెట్టుకొని వెళ్లండి. ఎండాకాలం మాత్రం వద్దు సుమా!

ఒకప్పుడు ఇక్కడి నుంచి మద్రాసు దాకా కాలువల్లో పడవలు నడిచేవి. ఆ రోజులు పోయాయి. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీకి ఎగువన, భవానీ ద్వీపం దాకా పడవ షికారు ఉన్నది. ఆ ముచ్చట తీర్చుకొని, మిగిలిన దారి బస్సులోనో కారులోనో వెళ్లాలి.

మొదటి రోజు అవతలి ఒడ్డుకు. అక్కడ ఉండవల్లి కొండను నాలుగంతస్తులుగా తొలిచారు. తీరు బౌద్ధ విహారానిది. లోపల పవళించినవాడు విష్ణుమూర్తి. అక్కడి నుంచి నది వెంట ఎగువకు పోతే అమరావతి. సుమారు క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో మొదలై, శాతవాహనుల నాటికి మహావైభవం చూచిన చైత్యం ఇక్కడిదే. ఇప్పుడు మిగిలింది గుండ్రని పునాది, చుట్టూ కొన్ని పలకలు. మరి శిల్పాలన్నీ ఏవి? 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు ఇక్కడ కొత్త పట్నం కట్టించినప్పుడు, దిబ్బలోని రాళ్లు ఆ కట్టడాలకు వెళ్లాయి. 1845లో వాల్టర్ ఇలియట్ దొర తవ్వించిన పలకలు మద్రాసు చేరి, 1859లో ఓడెక్కి లండను వెళ్లాయి. స్తూపం నిండుగా ఉన్ననాటి రూపం చెక్కిన పలక ఒకటి నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. ఇల్లు ఇక్కడ, ఇంటి బొమ్మ అక్కడ! ఊళ్లోని మ్యూజియం చూడకుండా మాత్రం రాకండి. పోయినదెంతటిదో అక్కడే అర్థమవుతుంది.

రెండో రోజు హైదరాబాదు వెళ్లే వైపున ఉన్న కొండపల్లికి. బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో ఇక్కడి దశావతారాలూ, అంబారీ ఏనుగూ తెలియనివారుండరు. తెల్ల పొణికి కర్రను సన్నని సెగమీద ఆరబెట్టి, కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పిండీ, రంపపు పొట్టూ కలిపిన ముద్దతో అతికి, సున్నం పూసి, రంగులు దిద్దుతారు. పొణికి చాలా తేలిక. బొమ్మ చేత పట్టగానే తెలుస్తుంది. కాని ఆ చెట్టు చుట్టుపక్కల కొండల్లో కరువవుతున్నది. పనివాళ్ల పిల్లలు వేరే ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు.

మూడో రోజు దిగువకు, బందరు వైపు. కాస్త పక్కకు తిరిగితే ఘంటసాలలో మరో బౌద్ధ స్తూపం. 2వ శతాబ్దంలో గ్రీకు పండితుడు టాలెమీ పేర్కొన్న రేవు ఇదేనంటారు. ఆ తరువాత బందరు పక్కనే పెడన. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తే, ఇక్కడ టేకు అచ్చులతో అద్దుతారు. బట్టను కరక్కాయ రసంలో, గేదె పాలలో ముంచుతారు. పాలలోని కొవ్వు రంగును చెదరనివ్వదు. తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీరు నలుపు. పటిక అద్దిన చోట ఎరుపు. మధ్య మధ్య పారే నీటిలో జాడించాలి. కాలువలో నీరు లేనినాడు పనీ లేదు. ఈ అద్దకాల కోసమే 17వ శతాబ్దంలో డచ్చివారూ, ఇంగ్లీషువారూ బందరులో కొట్లు పెట్టారు. నేడు అదే డిజైనును స్క్రీన్ మీద చవగ్గా దించి కలంకారీ అని అమ్ముతున్నారు. కొనేముందు బట్టను పరకాయించి చూడండి. అచ్చుకూ అచ్చుకూ మధ్య వెంట్రుకవాసి తేడా ఉంటే సంతోషించండి. అది చేతి గుర్తు.

అమరావతి రాళ్లు ఓడెక్కిననాటికి మనం పుట్టలేదు. ఈ చేతులు పని మానకముందే మనం ఉన్నాం. రాతికి మ్యూజియం చాలు. చేతికి మాత్రం బేరం కావాలి. ఈసారి కొలువుకు ఒక బొమ్మ, ఇంటికి ఒక దుప్పటి పనివాడి గడప దగ్గరే కొనండి. ధర అడిగే ముందు, ఎట్లా చేశారో ఒక్కసారి అడగండి.